బెల్లం యార్డులో ఇటలీ చావు

మా ముత్తాత చీడికాడ వైపు మూడూళ్ళకు మునసబు. ఆయన బెల్లం బళ్ళు అనకాపల్లి దారి పట్టాయంటే ఎదురొచ్చే బళ్ళు గట్టెక్కి ఆగేవని చెబుతారు. చెప్పేది మా ఇంట్లోవాళ్ళే కనుక ఒక పాలు తగ్గించి నమ్మవచ్చు. మా తాతగారు అనకాపల్లి పట్నానికి మకాం మార్చి మేడ కట్టారు. ఏ నాటక సమాజం ఊళ్ళో దిగినా మొదటి వరసలో నడిమి కుర్చీ ఆయనది. ఆయన వచ్చి కూర్చుని ఉత్తరీయం సర్దుకునేదాకా తెర లేచేది కాదు. మా నాన్నగారు ఏమేం పోగొట్టారో, ఎలా పోగొట్టారో ఇక్కడ రాయను. మేడ గోడలు తప్ప అన్నీ పోయాక కూడా ఆయన వెన్ను వంగలేదు. ఆ గోడలు కాక నా వాటాకు వచ్చింది ఆ వెన్నే.

దానితోనే ముప్ఫై రెండేళ్ళు బెల్లం మార్కెట్ యార్డులో ఉద్యోగం చేశాను. గుమాస్తాగా చేరి సూపర్‌వైజరుగా దిగిపోయాను. ఒకప్పుడు మా పేరు మీద బెల్లం దిమ్మలు దిగిన పట్నంలో ఇతరుల దిమ్మలకు చీటీలు రాసే పని. ఇస్త్రీ చొక్కా లేకుండా ఒక్కరోజు కూడా యార్డులో అడుగు పెట్టలేదు. దిమ్మలు మోసే కళాసీలు నా వెనక నన్ను గెడకర్ర అనేవారు. ఆ సంగతి నాకు తెలుసు. పేరు సరిగ్గానే పెట్టారు కనుక మందలించలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లల కోసం ఏదైనా ఒక అనుభవం రాయమని మా సంఘం పత్రికవాళ్ళు అడిగారు. నా తోటివాళ్ళు తుపానులో సరుకు ఎలా కాపాడారో రాశారు. నేను ఇటలీ దేశపు చావొకటి మా యార్డుకు వచ్చిన సంగతి రాస్తాను.

ముందు నా తప్పు చెప్పాలి. ఆ చావు వచ్చింది ఒక నాటకంలో, నా తప్పు ఆ నాటకానికి పదకొండేళ్ళ కిందటిది.

వేలం అయ్యాక షెడ్లు ఊడ్చి, రాలిన బెల్లం ఏరి, గోనెలు దులిపే ఆడకూలీలు మా యార్డులో ఉండేవారు. వాళ్ళలో ఒకావిడ వయసులో పౌరాణిక నాటకాల్లో నాయిక వేషాలు కట్టిన మనిషి. తీర్థాల్లో, అంటే ఊరి జాతరల్లో, ఆవిడ పద్యం వినడానికి జనం నక్కపల్లి అవతల నుంచి కూడా వచ్చేవారు. తరవాత తీర్థాల్లోకి రికార్డింగ్ డాన్సులు వచ్చాయి. నాటకాలకు పిలుపులు తగ్గాయి, భర్త పోయాడు, ముసలి అత్తగారు మిగిలింది. ఆవిడ చీపురు పట్టింది. చదువుకునే రోజుల్లో నేను సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి ఆవిడ నాటకాలు నాలుగు చూశాను. యార్డులో కనబడ్డ మొదటి రోజే గుర్తుపట్టాను. గుర్తుపట్టినట్టు మాత్రం బయటపడలేదు. బయటపడితే ఆవిడ మా తాతగారి కుర్చీ సంగతి ఎత్తుతుంది. ఇద్దరం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో మాట్లాడుకోవలసి వస్తుంది.

మంచి సీజనులో ఒక ఉదయం రెండో షెడ్డులో వేలం జోరుగా సాగుతోంది. మూడో షెడ్డులో ఆవిడ గోనెలు దులుపుతూ కూనిరాగం తీసింది. రాగం మెల్లగా పద్యమైంది. వేలం పిలుస్తున్న గుమాస్తా ధర చెప్పబోయి నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. కొనేవాళ్ళ చేతులు లేచినవి లేచినట్టే ఆగాయి. ఆ బెల్లం కుప్ప వేలంపాట చెడి మళ్ళీ మొదటి నుంచి పిలవవలసి వచ్చింది. వర్తకుల పెద్ద ఒకాయన నా గదిలోకి వచ్చి, కూర్చోకుండానే అడిగాడు.

"సూపర్‌వైజరు గారూ, ఇది యార్డా, తీర్తమా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అరగంటలో కాగితం తయారైంది. యార్డు ఆవరణలో పనివేళలందు కూలీలు పాటలు గాని పద్యాలు గాని పాడరాదు. సంతకం, ముద్ర, షెడ్డు గోడకు ఒక ప్రతి. ఆవిడ కళాసీల మేస్త్రి చేత చదివించుకుని విన్నది. దుమ్ముకు కట్టుకున్న గుడ్డను ముక్కు మీదికి లాక్కుని ఊడవడం మొదలుపెట్టింది. ఆ తరవాత పదకొండేళ్ళలో ఆవిడ గొంతు "దండాలు బాబూ" అనే మాట దాటి నేను వినలేదు.

పిల్లలూ, కాగితం రాయడానికి అరగంట చాలు. కోపంలో ఉంటే పావుగంటే చాలు.

నా రిటైర్‌మెంటు ఎనిమిది నెలల్లో ఉందనగా విశాఖపట్నం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. ఇటలీలో రెండేళ్ళు నాటకం చదువుకుని వచ్చిందట. అక్కడ సంగీత నాటకాలు ఉంటాయి, మొదటి నుంచి చివరిదాకా పాటే. మా ముత్తాత కాలం నాటి విషాద నాటకం ఒకదాన్ని మన కాలానికి, మన ఊరికి మార్చి ఆడిస్తుందట. హాల్లో కాదు, బెల్లం యార్డులో. వెనక బృందగానం మా కళాసీలదట.

కథ అడిగాను, చెప్పింది. వేదికల మీద పాడే ఒకావిడను పెద్దింటి కుర్రవాడు ప్రేమిస్తాడు. ఇద్దరూ ఒక ఇంట్లో ఉంటారు. కుర్రవాడి తండ్రి వచ్చి, మా ఇంటి పేరు నిలబడాలంటే నువ్వు తప్పుకోవాలి అని అడుగుతాడు. ఆవిడ కారణం చెప్పకుండా తప్పుకుంటుంది. మోసపోయాననుకుని కుర్రవాడు పదిమందిలో ఆవిడను అవమానిస్తాడు. ఆవిడకు అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు. నిజం తెలిసి తండ్రీ కొడుకులు పరుగున వచ్చేసరికి ఆఖరి పాట పాడి చనిపోతుంది. అంతే. గుర్రబ్బండి బదులు ఏసీ కారు, ఉత్తరాల బదులు ఫోన్లో మెసేజీలు, రాజబంధువుల విందు బదులు బెల్లం వర్తకుల విందు పెట్టానని అమ్మాయి చెప్పింది. మన ఇళ్ళల్లో తలుపులు వేసుకుని చేసేవన్నీ ఇటలీవాళ్ళు గొంతెత్తి చేస్తారు కాబోలు అనుకున్నాను.

సెలవురోజు సాయంత్రం ఆడుకోవడానికి నా పూచీ మీద అనుమతి ఇప్పించాను. అప్పుడు ఆ అమ్మాయి అడిగింది, యార్డులో ఆడవాళ్ళెవరైనా బాగా పాడతారా అని.

"లేరమ్మా," అన్నాను.

ఆలోచించకుండా వచ్చిన మాట. ఉన్నారంటే, ఎందుకు పాడరని అడుగుతుంది. ఆ కాగితం అప్పటికీ షెడ్డు గోడ మీదే ఉంది, సరిగ్గా ఆ అమ్మాయి వీపు వెనక.

నాయిక వేషానికి విశాఖ నుంచి సంగీతం నేర్చుకున్న పిల్లను తెచ్చారు. గొంతు బాగుంది. చావే రాలేదు. రోజూ నాలుగు గంటల తరవాత యార్డులో రిహార్సలు, రోజూ చావు దగ్గర ఆగిపోవడం. గోనెల మీద కూర్చుని చూస్తున్న కళాసీల్లో ఒకడు, "ఆ పిల్ల నిద్దరోతన్నట్టుంది మామా," అంటే ఇంకొకడు, "కాదురా బావా, అలారం పెట్టుకుని పడుకుంది," అన్నాడు. రెండు వారాలకు ఆ పిల్ల గొంతుకు బెల్లం దుమ్ము పడక, దండం పెట్టి వెళ్ళిపోయింది. దర్శకురాలు, అదే నాటకం ఆడించే అమ్మాయి, తూకం బల్ల మీద తల పట్టుకుని కూర్చుంది. మేస్త్రికి మనసాగలేదు.

"పాడే మనిసి మన యార్డులోనే ఉందమ్మా. బాబుగారు పాడొద్దని కాయితం రాసేరు. అందుకని పాడదు."

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి గోడ మీది కాగితం పూర్తిగా చదివింది. కింద సంతకం కూడా చదివింది. ఆ తరవాత నా వైపు చూసింది. నా సర్వీసులో ఎందరో ఆడిటర్లు నన్ను చూశారు. ఆ చూపు వాళ్ళకు రాదు.

ఆవిడను పిలిపించారు. చీపురుతోనే వచ్చింది. ఏదైనా పాడమ్మా అని అడిగితే ఆవిడ నా కేసి చూసి, బాబుగారు సెలవిస్తే, అన్నది. పాడండి, అన్నాను. ఆవిడను అండీ అనడం అదే మొదటిసారి. చీపురు గోడకు ఆనించి ఒక్క పద్యం పాడింది. ఎలా పాడిందో రాయడం నా వల్ల కాదు. నాలుగో షెడ్డులో తూకం ఆగిపోయింది, అంతవరకు చెప్పగలను. అయ్యాక మళ్ళీ చీపురు తీసుకుంది.

"పదకొండేళ్ళయింది బాబూ. గొంతు తుప్పట్టీసిందనుకున్నాను. తమరు మూసి ఉంచేరు గదా, సెడిపోనేదు."

ఊరగాయ జాడీకి మూత పెట్టినవాణ్ణి పొగిడినట్టుగా అన్నది. కళాసీలు తలలు వంచుకుని నవ్వుకున్నారు.

అసలు చిక్కు తరవాత వచ్చింది. తండ్రి వేషం వేయవలసిన ఆయనకు ఉద్యోగంలో బదిలీ అయింది. ఒకరోజు తడి నేల మీద దిమ్మలు దింపినందుకు నేను ఒక కళాసీని మందలిస్తుంటే దర్శకురాలు దూరం నుంచి చూస్తూ నిలబడింది. అంతా అయ్యాక దగ్గరకు వచ్చి, తండ్రి వేషం మీరే వేయాలి సార్, అన్నది.

"మా వంశంలో మగవాళ్ళు నాటకాన్ని మొదటి వరసలోంచి చూశారమ్మా. పైకెక్కి ఆడలేదు."

"ఆ తండ్రీ ఇలాగే మాట్లాడతాడు సార్. మీరు నటించక్కర్లేదు, నిలబడితే చాలు. పాట కూడా వద్దు, మీ మాటలన్నీ వచనంలోకి మార్చేస్తాను."

ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. ఇంటి పరువు గురించి నిలబడి మాట్లాడడం మీకు ఏషం ఏటండి, రోజూ ఉన్నదే గదా, అన్నది. ఒప్పుకున్నాను. ఆ కాగితం సంగతి బయటపడ్డాక దర్శకురాలికి గాని, పద్యం పాడిన ఆవిడకు గాని ఏదీ కాదనడానికి నాకు నోరు రాలేదన్నది నిజం.

నేను ఆవిడను తప్పుకొమ్మని అడిగే రంగం రిహార్సలులో బాగా కుదిరింది. మాట చెప్పేసి నేను గిరుక్కున తిరిగి వెళ్ళిపోవాలి. బెల్లం పాకం ఇంకిన నేల కదా, నా చెప్పులు అంటుకుపోయి కదలలేదు. తలెత్తుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మౌనం అద్భుతంగా ఉంది సార్, అలాగే ఉంచండి అన్నది దర్శకురాలు. అలాగే ఉంచాం. పక్కకు వచ్చాక ఆవిడ గొంతు తగ్గించి అన్నది: "బాబుగారు కాయితం నేకండా నోటితో సెప్పడం ఇదే మొదలు."

ఆఖరి రంగం దగ్గర మాత్రం కళాసీలకు దారి తెలియలేదు. మేస్త్రి తెర తాడు పట్టుకుని అడిగాడు.

"మరి దేవుడు ఎప్పుడొత్తాడమ్మా?"

"రాడు."

"రాకపోతే ఈవిడ ఎలగ లేగుత్తాది?"

"లేవదు. చనిపోయింది. వెంటనే తెర."

మన నాటకాలు చూడని పిల్లలకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. మన పౌరాణికాల్లో నాయిక ఎన్ని కష్టాలైనా పడుతుంది, కాటి దాకా కూడా వెళుతుంది. కత్తి మెడ మీదికి వచ్చేసరికి దేవుడు ప్రత్యక్షమవుతాడు, పోయినవాళ్ళు లేస్తారు, అందరూ వరసగా నిలబడి మంగళం పాడతారు, హారతి ఇస్తారు. హారతి అయితేనే జనం చాపలు చుట్టుకుంటారు. మంగళం లేని నాటకం మా కళాసీలకు మూత వేయని నుయ్యిలాంటిది. మేస్త్రి బేరం తగ్గించాడు. పోనీ వన్స్ మోర్ అయినా ఉంటుందా అని అడిగాడు.

చచ్చినవాళ్ళు లేచి పాడరు, అన్నది దర్శకురాలు.

"మాకాడ పాడతారమ్మా," అన్నాడు మేస్త్రి వినయంగా.

నిజమే. మా వైపు పద్యం నచ్చితే వన్స్ మోర్ అని కేక పడుతుంది. కేక పడితే నటుడు ఏ స్థితిలో ఉన్నా మళ్ళీ పాడాలి. చచ్చి పడి ఉంటే లేచి, పాడి, తిరిగి పడుకోవాలి. దానికో మర్యాద ఉంది. మొదట కేక వేసినవాడు ఆ కళాకారుడికి ఏదైనా ఇవ్వాలి. మా తాతగారు పట్టు శాలువాలు ఇచ్చారు, వెండి పతకాలు ఇచ్చారు. మా నాన్నగారి రోజుల్లో ఆ కేక మా ఇంట్లో ఆగిపోయింది. నేను ఎన్నో నాటకాలకు చప్పట్లు కొట్టాను గాని ఆ మాట ఎన్నడూ అనలేదు. ఉత్త చేతులతో అడగడం మా అలవాటు కాదు.

దర్శకురాలు మాత్రం గట్టిగా చెప్పింది. వన్స్ మోర్ లేదు, మంగళం లేదు, చావు చావే.

ఈ కబురు వర్తకుల పెద్దకు చేరింది. నాటకం ఇంకా మూడు రోజులు ఉందనగా నా గదిలోకి వచ్చాడు. ఈసారి కూర్చున్నాడు. కూర్చున్నాడంటే కోపం తక్కువ, పట్టుదల ఎక్కువ అని అర్థం.

"ఇది లచ్చిందేవి తిరిగే సోటండి. ఇక్కడ ఆడమనిసి సచ్చి పడిపోతే, మంగళం నేకండా తెర దించేత్తే, తెల్లారి ఏ మొకంతో వేలం పెడతాం? మీరు పూచీ పడ్డారని ఆటకి అడ్డు సెప్పను. కానండీ, మా కళ్ళముందు సచ్చి పడ్డ మనిసి మర్నాడు సీపురట్టుకుని షెడ్డులోకి వత్తే మేం ఒప్పుకోం."

ఆయన చెడ్డవాడు కాడు. నమ్మినది చెప్పాడు. అయితే వర్తకులు ఒప్పుకోకపోతే యార్డులో కూలి మనిషికి పని ఉండదు. ఆవిడకూ, ఆ ముసలి అత్తగారికీ ఈ చీపురు తప్ప ఇంకో ఆధారం లేదు.

ఆవిడనూ దర్శకురాలినీ పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. దర్శకురాలి ముఖం పాలిపోయింది. దేవుణ్ణి దింపితే ఇంక ఈ నాటకం ఆడడం ఎందుకు అన్నది, ఆ వెంటనే, ఆవిడ పని పోయేలా ఉంటే అసలు ఆటే మానేద్దాం సార్ అన్నది. మానేద్దామన్న మాటను ఆవిడ సాగనివ్వలేదు.

"ముప్పై ఏళ్ళు ఏసాలు కట్టేను బాబూ. పెతీసారీ నా సావు దగ్గరకొచ్చీసరికి దేవుడొచ్చి పద్యం ఎత్తుకునీవోడు. సప్పట్లు ఆడికే. ఒక్క మాటు నా పాట నేను సివరికంటా పాడుకుని సావాలనుంది. పనంటారా, పోతే ఇంకో సోట ఊడుత్తాను."

ఇంకో చోట లేదని ఆవిడకూ తెలుసు, నాకూ తెలుసు. బయట ఎదురుచూస్తున్న వర్తకుల పెద్ద దగ్గరకు వెళ్ళి, "నేను చూసుకుంటాను," అన్నాను.

మా ఇంట్లో మూడు తరాల మగవాళ్ళు సరిగ్గా ఈ మాటే అంటూ వచ్చారు, మా నాన్నగారు ఈ మాట అనే చెడ్డారు. ఎలా చూసుకోవాలో నాకు ఆవగింజంత కూడా తెలియదు.

ఆ సెలవురోజు నాలుగు గంటలకల్లా రెండో షెడ్డు నిండిపోయింది. తూకం బల్లలు కలిపి వేదిక, గోనెలు కుట్టి తెర. వర్తకుల కుటుంబాలు, పక్క ఊళ్ళ రైతులు, బజారులోని దుకాణాల సాయిబులు, ఆటోవాళ్ళు, విశాఖ నుంచి ఇంగ్లీషు మాట్లాడే జనం కొందరు. మొదటి వరసలో నడిమి కుర్చీలో వర్తకుల పెద్ద. నేను తెర సందులోంచి ఆ కుర్చీని ఒకసారి చూసి కళ్ళు తిప్పుకున్నాను.

నాటకం నడిచింది. విందు రంగంలో కళాసీలు నిజమైన దిమ్మలు భుజాల మీద మోస్తూ పాడితే షెడ్డు రేకులు అదిరాయి. నేను ఆవిడను తప్పుకొమ్మని అడిగి, చెప్పులు అంటుకుని నిలబడినప్పుడు ఆడవాళ్ళ వరసలోంచి ఒక ముసలమ్మ, "పెద్దమనిసంట, పెద్దమనిసి," అని గట్టిగా ఉమ్మేసింది. మూడో వరసలో మా ఆవిడ భుజాలు కదలడం కనిపించింది. ఏడుపు కాదు.

ఆఖరి రంగం వచ్చింది. ఆవిడ నులకమంచం మీద. కుర్రవాడు మంచం పక్కన మోకాళ్ళ మీద. నేను రెండడుగుల దూరంలో నిటారుగా. పాట మొదలైంది. ఇటలీ వరసే గాని, దర్శకురాలు కట్టిన తెలుగు మాటలు ఆవిడ నోట్లో పడేసరికి మా వైపు పద్యంలా నాని వచ్చాయి. జబ్బు మనిషి పాట కనుక గొంతు పెంచకూడదు. పెంచలేదు. చివరి చరణంలో మంచం మీంచి లేచి, బాగైపోయింది, నాకు బాగైపోయింది అని రెండడుగులు వేసి కూలిపోవాలి. కూలిపోయింది.

బెల్లం వాసనకు ఎప్పుడూ ఉండే తేనెటీగల్లో ఒకటి వచ్చి ఆవిడ ముక్కు మీద వాలింది. నుదుటి మీదికి నడిచింది. కనురెప్ప మీద ఆగింది. ఆవిడ కదలలేదు. విశాఖ పిల్లకు రానిది ఇదే. జనం చప్పట్లు కొట్టలేదు, ఏడవలేదు, దేవుడి కోసం చూస్తున్నారు. వర్తకుల పెద్ద రెండు చేతులతో కుర్చీ పట్టుకుని లేవబోతున్నాడు. అవతలి పక్క నుంచి దర్శకురాలు తెర దించమని చెయ్యి ఊపింది. మేస్త్రి తాడు పట్టుకుని ఆమె వైపు చూడడం లేదు. నా వైపు చూస్తున్నాడు.

నేను ఏదో ఉపాయం ఆలోచించి ఉంచానని మీరు అనుకుంటే పొరపాటు. నాకు ఆ క్షణంలో నాటకం గుర్తు లేదు, వేలం గుర్తు లేదు, పూచీ గుర్తు లేదు. ఆ పాట మళ్ళీ వినాలనిపించింది. పదకొండేళ్ళు వినకుండా చేసినవాణ్ణి నేనే. కుప్ప నెంబరు పిలిచే గొంతుతో అన్నాను.

"వన్స్ మోర్."

ఒక లిప్త ఎవరికీ అర్థం కాలేదు. చావుకు కారణమైన తండ్రే ఆ మాట అన్నాడు మరి. ఆ తరవాత గోనెల మీంచి కళాసీలు అందుకున్నారు, వెనక రైతులు అందుకున్నారు. నన్ను చూసి ఉమ్మేసిన ముసలమ్మ అందరికంటే గట్టిగా అరిచింది. చచ్చిపోయినావిడ ఒక కన్ను తెరిచింది. తేనెటీగ లేచిపోయింది. పడుకునే నన్ను అడిగింది, పాతకాలపు నటులు అడిగే పద్ధతిలోనే.

"మొత్తమా బాబూ, ఆఖరి సరణమా?"

"మొత్తం."

ఆవిడ లేచి, చీరకు అంటిన బెల్లం పొడి దులుపుకుని, హార్మోనియం వాయించే ఆయనకు తలూపింది. ఈసారి జబ్బు మనిషిలా పాడలేదు. గొంతు పూర్తిగా విప్పింది. ఆ గొంతు రేకుల కప్పుకు తగిలి మళ్ళీ కిందికి వచ్చేది. నాకు బాగైపోయింది అన్న చోట రెండడుగులు వేసి వేదిక అంచున నిలబడింది. పై స్థాయిలో ఆ మాటను పట్టుకుని ఆపింది. ఇంకా ఆ స్వరం ఉండగానే, మనిషి నిలబడి ఉండగానే, ఎవరూ చెప్పకుండా మేస్త్రి తాడు వదిలేశాడు. తెర పడింది.

బయట చప్పట్ల హోరు. తెర వెనక దర్శకురాలు నా ఎదుటికి వచ్చి నిలబడింది. కళ్ళల్లో నీళ్ళున్నాయి. తిడుతుందనుకుని సిద్ధంగా ఉన్నాను. ఏదో అనబోయి నవ్వేసింది. ఇటలీలో కూడా పాతకాలంలో జనం ఇలాగే కేకలు వేసేవారట, చచ్చినవాళ్ళు లేచి పాడేవారట, తరవాత తరవాత నాగరికులై మానేశారట. ఆ సంగతి ముందే చెప్పవలసింది కదమ్మా అన్నాను. నాకూ ఇప్పుడే గుర్తొచ్చింది సార్, అన్నది.

వర్తకుల పెద్ద వేదిక ఎక్కి వచ్చాడు. ఆవిడను పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"తెర పడీసరికి మనిసి నిలబడుంది. మా కళ్ళతో సూసేం. మా యార్డులో ఎవులూ సావనేదు." అని నా వైపు తిరిగి, "మీరు సూసుకుంటానంటే నమ్మనేదండి. ఏమనుకోకండి," అన్నాడు. ఆయన నమ్మకపోవడం సబబేనని చెప్పాలనిపించింది గాని, అప్పటికే ఆయన ఆవిడతో, రేపు ముందు రెండో షెడ్డు ఊడ్సు, సరుకు ఎక్కువొత్తాది అంటున్నాడు.

మర్నాడు ఉదయం ఏడున్నరకు ఆవిడ ఎప్పటిలాగే చీపురుతో వచ్చింది. వేలం ఎప్పటిలాగే జరిగింది. నేను గోడ మీది కాగితం చించేసి, ఇకపై పనికి అడ్డు లేనంతవరకు పాడవచ్చును అని కొత్తది రాయడానికి కలం తీశాను. ఆవిడ గుమ్మంలో నిలబడి వద్దన్నది. "పాడమని కాయితం రాయకండి బాబూ. అప్పుడది పనైపోద్ది."

రాయలేదు. రాయకుండా ఊరుకున్న కాగితాల్లో నాకు తృప్తినిచ్చింది అదొక్కటే.

ఇంక వన్స్ మోర్ మర్యాద ఒకటి మిగిలింది. నాటకం రోజునే, చప్పట్లు తగ్గగానే, మేస్త్రి మైకు పట్టుకుని జనానికి గుర్తుచేశాడు: "మొదట కేకేసినోరు సూపర్‌వైజరు బాబుగారు. ఆరు ఏటిత్తారో ఆరే సెప్తారు." జనమంతా నా వైపు చూశారు. నా జేబులో కళ్ళజోడు, బస్సు టిక్కెట్టు ఉన్నాయి. ఆవిడ సొంత హార్మోనియం భర్త జబ్బులో పోయిందని రిహార్సళ్ళప్పుడు ఎవరో అనగా విన్నాను. మైకు అందుకుని, ఒక హార్మోనియం, కొత్తది, అన్నాను. గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆవిడ మైకుకు అందకుండా, నాకు మాత్రమే వినబడేలా, తాతగారు కూడా ఇలాగే నిలబడి సెప్పీవోరంట బాబూ అన్నది. నన్ను గుర్తుపట్టిన సంగతి ఆవిడా ఇన్నేళ్ళూ దాచుకుంది.

ఆ రాత్రి ఇంటి ముందు ఆటో దిగాక మా ఆవిడ అడిగింది, ఏటి సూసుకుని సెప్పేరండీ హార్మోనియం అని. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఇద్దరం వీధిలోనే నిలబడి మా ఇంటిని కింది నుంచి పైకి చూశాం.

వీధి గుమ్మానికి మా తాతగారు పెట్టించిన టేకు తలుపుల జతను, ఇత్తడి గుబ్బలతో, ద్వారబంధంతో సహా, ఆ వారంలోనే చోడవరం పాత కలప వ్యాపారికి అమ్మేశాం.